క్రేన్ దిగని మనిషి

సగం నిచ్చెన ఎక్కి ఆగాడు. నడుముకు కట్టుకున్న నీళ్ల సీసా తొడకు తగిలి ప్రాణం జివ్వుమంది. కింద బరువులు కట్టే కూలీలు చూస్తున్నారని, పళ్లు బిగించి మళ్లీ ఎక్కాడు. మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అన్నారా!

పనిలో అందరూ అతణ్ణి గద్ద అంటారు. పొద్దున క్రేన్ ఎక్కితే సాయంత్రందాకా దిగడు, అదే అతని గొప్ప. అందుకోసం నీళ్లే తాగేవాడు కాదు. భార్య నింపిచ్చిన సీసాను పైనుంచి గాల్లోకి వంపేసి, ఖాళీది ఇంటికి పట్టుకెళ్లేవాడు. కింద తాపీమేస్త్రీ తల తడుముకుని మబ్బులేని వానను తిట్టుకునేవాడు.

ఈమధ్య ఎంతసేపు నిలబడ్డా మూత్రం చుక్కలుగానే వస్తోంది, పైగా మంట. రెండు మూడురోజులుగా ఒక పక్క వృషణం వాచి బరువెక్కింది. చెబితే దింపేస్తారు. ఆ కుర్చీ తప్ప అతనికింకో బతుకు తెలీదు.

అద్దాల గదిలో సీసాను కొక్కేనికి తగిలించి కూర్చున్నాడు. ఊరంతా కాళ్లకింద పరుచుకుని ఉంది. ఎన్నేళ్లయినా ఆ చూపుకి ఒళ్లు పులకరిస్తూనే ఉంటుంది.

మధ్యాహ్నానికి చలిజ్వరం పట్టుకుంది. ఇనుప దూలం ఒకటి రెండుగా కనబడింది. కింద మనుషులున్నారు. దూలాన్ని మెల్లగా నేలకు దించి, ఇంజను ఆపి, తానూ దిగాడు. గద్ద పట్టపగలు దిగడం చూసి తాపీమేస్త్రీ పని ఆపేశాడు.

ఆస్పత్రిలో కాసేపు నీళ్లు నమిలి, చివరికి సిగ్గు చంపుకుని చెప్పాడు. డాక్టరు బొమ్మ గీశాడు.

"ప్రోస్టేట్ గ్రంథి పెరిగి దారికి అడ్డంపడింది. మూత్రం పూర్తిగా పోక లోపలే నిలిచి, క్రిములు చేరాయి. అవి వెనక్కి మళ్లి వృషణం వెనకున్న గొట్టాన్ని పట్టుకున్నాయి. మందులకు తగ్గుతుంది. కానీ గంటలకొద్దీ బిగపట్టుకునే పని ఇంక వద్దు."

"ఆ గొట్టం ఎంతుంటుందండీ?"

"చుట్టలు చుట్టుకుని చిటికెనవేలంత. విప్పితే మూడు నిలువుల పొడవు."

అతను బొమ్మకేసి చూస్తూ ఉండిపోయాడు. జీవితమంతా ఉక్కుతాళ్లు చుట్టాడు, విప్పాడు. ఇంత సన్నటి పనితనం తన ఒంట్లోనే ఉందని ఎరగడు. ఎవరు చుట్టారో గానీ మహా పనిమంతుడు అనుకున్నాడు. కుర్చీ పోయిందన్న ఏడుపు ఆ తర్వాతగానీ రాలేదు.

ఇంటికొచ్చాక భార్య నీళ్ల గ్లాసు అందించింది. గటగటా తాగేశాడు.

"సీసా ఏదండీ?"

"పైనే ఉండిపోయింది."

"పోన్లెండి, ఖాళీదేగా."

అతను ఖాళీ గ్లాసును మళ్లీ ముందుకు చాపాడు.

మర్నాడు కుర్చీ ఎక్కిన కొత్త డ్రైవరుకి, కొక్కేనికి వేలాడుతూ మెడదాకా నీళ్లున్న సీసా కనబడింది.