రెండు వేళ్ల మార్జిన్

గౌను మెడ దగ్గర పౌడరు కనిపించింది పెద్దొదినకి.

ముదురాకుపచ్చ పట్టు మీద తెల్లటి మరక. ఆమె పౌడరు రాసుకోదు, ఆ గౌను పూర్తయ్యాక ఇంకా ఒక్కసారి కూడా ఒంటిమీద వేసుకోలేదు. మరి పౌడరు ఎక్కణ్ణుంచి ఊడిపడినట్టు? కిటికీ దగ్గరికి తీసుకెళ్లి తిప్పి చూసింది. చంక కింద బెత్తెడు మేర కుట్టు పిగిలి ఉంది. అది కనపడకుండా ఎవరో ఒక పిన్నీసు పెట్టి పోయారు. పట్టుగుడ్డకి పిన్నీసు! ఆ పని చేసిన చేతుల్ని ఏం చెయ్యాలో మీరే చెప్పండి.

పెద్దొదిన అంటే ఆ ఇంటి పెద్దకోడలు. మరుదులకీ ఆడపడుచుకీ వదిన కాబట్టి ఆ పిలుపు వచ్చింది. తర్వాత పక్కింటివాళ్లూ, పాలవాడూ, చివరికి ఆమె పనిచేసే కళ్లాసుపత్రిలో చీటీల కౌంటరు దగ్గరి వాళ్లూ అదే అందుకున్నారు. పొద్దున ఆసుపత్రి, సాయంత్రం వంట, మధ్యలో దొరికిన కాస్త సమయంలో వంటింటి కిటికీ పక్కనున్న కుట్టుమిషను. ఆ ఇంట్లో ఎవరి ఒంటిమీద ఏ మంచి బట్ట కనిపించినా అది ఆ మిషను మీంచి వచ్చిందే. రాత్రి చెప్పి రేపటికి కావాలంటారు. "నీకెంతసేపు వదినా!" అంటారు. ఇన్నేళ్లలో ఆమె పనికి ఆ ఇంట్లో దక్కిన మెచ్చుకోలు ఆ ఒక్క మాటే.

తనకోసం కుట్టుకోలేదా అంటే, కుట్టుకుంది. ఆసుపత్రి వార్షికోత్సవానికని నీలం రంగుది కుట్టుకుంటే ఆడపడుచు ఎత్తుకుపోయింది. మెరూన్ రంగుది తోటికోడలి చెల్లెలికి పోయింది. తన పెళ్లిరోజుకని కుచ్చులు పెట్టి ముచ్చటగా కుట్టుకున్నది అత్తగారు ఎవరో పిన్ని కూతురికి మాటిచ్చేశారు. ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు. ప్రతిసారీ పెద్దొదిన ఆ పాత గోధుమరంగు డ్రెస్సు వేసుకునే బయల్దేరింది. ఆ ఇంటి ఫోటోల్లో ఆమెను వెతకడం చాలా తేలిక. చివర్లో గోధుమరంగు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆమె ఉంటుంది.

ఇంతమందికి ఆమె బట్టలు ఎలా పట్టాయంటారా? అదే ఆమె చేసిన పాపం. అమ్మ నేర్పిన పద్ధతి ప్రకారం ప్రతి కుట్టుకీ లోపల రెండు వేళ్ల మార్జిన్ వదులుతుంది. "ఒళ్లు పెరుగుతుంది, తరుగుతుంది. గుడ్డ కోసేశాక మళ్లీ రాదు, జాగ్రత్తే" అనేది అమ్మ. ఆమె ఒంటి కోసం వదిలిన ఆ రెండు వేళ్లూ ఊళ్లో వాళ్లందరికీ పనికొచ్చాయి. పక్క కుట్టు విప్పడం, కొత్త కుట్టు వెయ్యడం, తొడుక్కుని చక్కా పోవడం!

కానీ ఈ ఆకుపచ్చ గౌను సంగతి వేరు. పెద్దొదిన తమ్ముడికి పెళ్లి కుదిరింది. వాడు నిక్కర్లు వేసుకునే వయసులో అమ్మ పోతే, వాణ్ణి పెంచి పెద్దచేసింది ఈమే. కుదిరిన రోజే వాడొచ్చి, "అక్కా, పెళ్లి విందు రోజు హాలు తలుపు దగ్గర నా పక్కన నువ్వే నిలబడాలి. అమ్మ ఉంటే ఎక్కడ నిలబడేదో అక్కడ. వచ్చినవాళ్లకి, మా అక్క అని చెప్పుకుంటాను" అన్నాడు. ఆ గుడ్డ కూడా వాడిచ్చిందే, మొదటి జీతంతో. "మంచిది కుట్టుకో అక్కా" అని చేతిలో పెట్టాడు. కుట్టుకుంటే ఎవరు పట్టుకుపోతారోనన్న భయంతో ఏళ్ల తరబడి దాన్ని పాత దుప్పట్లో చుట్టి బీరువా అడుగున దాచింది. ఇన్నాళ్లకి బయటికి తీసింది. నెలరోజులు తెల్లారకముందే లేచి, ఒక్కొక్క భాగం ముందు కచ్చాకుట్టు వేసి అద్దంలో చూసుకుని, నచ్చకపోతే విప్పి, మళ్లీ వేసి కుట్టుకుంది. మెడ చుట్టూ సన్నటి పైపింగు. మోచేతుల దాకా చేతులు. నడుం ఒంపుకి తగ్గట్టు చేత్తో పట్టి వేసిన డాట్లు. దానికీ పట్టింది శని.

గౌను చేతిలో పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది. భర్త పేపరు చదువుతున్నాడు. అత్తగారు సోఫాలో కాళ్లు చాపుకుని కూర్చున్నారు. పై వాటాలో ఉండే ఆడపడుచు ఎప్పటిలాగే కిందే ఉంది. ఆవిడ ముద్దుపేరు చిట్టి. నలభై దాటినా, పెద్దొదిన కన్నా నాలుగంగుళాలు వెడల్పయినా, ఆ ఇంటికి ఆవిడ చిట్టే.

"ఇది ఎవరు వేసుకున్నారు?"

"నేనే వదినా!" అంది చిట్టి, దాచుకోవాలన్న ఆలోచనైనా లేకుండా. "నిన్న పొద్దున నువ్వు ఆసుపత్రికెళ్లినప్పుడు ఊరికే చూద్దామని వేసుకున్నా. ఎంత బాగుందో తెలుసా! నాకోసమే కుట్టినట్టుంది. పక్కలే కాస్త బిగుతు. నువ్వెలాగూ లోపల మార్జిన్ వదులుతావుగా, అది విప్పేస్తే సరి. ఫోటో తీసి ఆఫీసులో అందరికీ చూపించేశాను. దీనికి సరిపోయే చెప్పులు కూడా కొన్నాను!"

చెప్పులు కూడా కొన్నదట! అడగడం ఒక్కటే మర్చిపోయింది పాపం.

"ఇది నా తమ్ముడి పెళ్లి విందుకి నేను కుట్టుకున్నది."

"అయితే ఏమైంది అమ్మాయ్?" అన్నారు అత్తగారు. "అదీ వస్తోందిగా ఆ విందుకే. అది నలుగురిలో తిరిగేది. నువ్వెటూ వడ్డనల దగ్గరే ఉంటావు. నిన్నెవరు చూస్తారు చెప్పు?"

పెద్దొదిన భర్త వైపు చూసింది. ఆయన పేపరు దించలేదు.

"ఇచ్చెయ్యరాదూ, చిన్నపిల్ల ముచ్చటపడింది. ఇంకా వారం ఉంది. ఇంకోటి కుట్టుకో. నీకెంతసేపు!"

ఒళ్లు భగ్గుమంది ఆమెకి. నిన్నెవరు చూస్తారు అన్నారే, ఆ మాట పోనీ పెద్దావిడ నోటి దురుసు అనుకోవచ్చు. ఈ మనిషి రోజూ తెల్లవారుజామున కాఫీ తాగుతూ ఆమె ఆ గౌను కుడుతుంటే చూశాడు. ఆ గుడ్డ ఎవరిచ్చారో తెలుసు. ఎందుకు దాచిందో తెలుసు. అన్నీ తెలిసి, పేపరు కూడా దించకుండా ఇచ్చెయ్యమంటాడా?

"ఇవ్వను" అంది.

"అబ్బో!" అని నవ్వాడాయన. ఆమె ఏదో సరదాకి అన్నదనుకున్నాడు. చిట్టి కూడా నవ్వుతూ లేచి గది మధ్యలో నిలబడి, రెండు చేతులూ పక్కలకి చాచింది.

"ఊ, కొలత తీసుకో వదినా. తొందరగా, నాకు పనుంది."

పెద్దొదిన ఆ చాచిన చేతుల వైపు చూసింది. ఇన్నేళ్లుగా తను టేపు తీసుకుని వెళ్లబట్టే కదా ఆ చేతులు అలా చాచడం అలవాటు చేసుకున్నాయి!

"సరే, ఉండు. మార్జిన్ ఎంతుందో చూద్దాం" అంది.

మిషను మీది పెద్ద కత్తెర తెచ్చింది. గౌను తిరగేసి భోజనాల బల్ల మీద పరిచింది. లోపల రెండు పక్కలా, చేతుల కింద, వీపు మధ్యన, ఎక్కడ చూసినా రెండు వేళ్ల గుడ్డ మడతలు పెట్టి ఇస్త్రీ చేసి ఉంది. "చూశావా, బోలెడుంది!" అంది చిట్టి సంబరంగా.

పెద్దొదిన కత్తెర పెట్టింది. ఒక్క క్షణం చెయ్యి ఆగింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎప్పుడూ మార్జిన్ కోయలేదు. అమ్మ ఉంటే చెయ్యి పట్టుకుని ఆపేది. లేదా, ఈ మాటలు వినుంటే కత్తెర తనే తీసుకునేది. పెద్దొదిన కోసింది. కుట్టుకి గోరెడు దూరంలో, చంక దగ్గర మొదలుపెట్టి కింది అంచు దాకా, ఎక్కడా వంకర పోకుండా కోసుకుంటూ పోయింది. ఆకుపచ్చ పట్టు పేలిక పొడవుగా జారి నేల మీద పడింది. ఇక ఆ పక్క విప్పడానికి గుడ్డంటూ మిగల్లేదు.

"అయ్యయ్యో! వదినా, ఏం చేస్తున్నావ్?"

రెండో పక్క కూడా కోసింది. తర్వాత వీపు, ఆ తర్వాత చేతులు. ఇప్పుడు పేపరు దిగింది.

"పిచ్చి గానీ పట్టిందా నీకు?" అన్నాడు భర్త.

"ఇన్నాళ్లూ పట్టింది. ఇవాళ వదిలింది" అంది పెద్దొదిన. కత్తెర బల్ల మీద పెట్టి అందరి వైపూ తిరిగింది. "నా నీలం డ్రెస్సు పోయింది, ఊరుకున్నాను. మెరూన్‌ది పోయింది, ఊరుకున్నాను. నా పెళ్లిరోజుది కూడా ఇచ్చేశారు. ఆరోజు మీ పక్కన గోధుమరంగు బట్టలో నిలబడింది మీ పెళ్లామేనని మీకు గుర్తుందా? ఒక్కసారైనా సిగ్గనిపించిందా? నన్నెవరు చూస్తారని అడుగుతున్నారు అత్తయ్య. నా తమ్ముడు చూస్తాడు. నేను చూసుకుంటాను. అది చాలు. ఇవ్వను అని నోటితో చెప్తే నవ్వారు కదా, ఇప్పుడు నవ్వండి."

ఎవరూ నవ్వలేదు. అత్తగారు నేల మీది పేలిక ఎత్తి చూసి, "పోనీ పక్కన వేరే గుడ్డ ముక్క అతికిస్తే..." అన్నారు. "అతుకుల గౌనా? నాకేం ఖర్మ!" అని చిట్టి విసురుగా మేడ ఎక్కేసింది. ఆ మేరకు పెద్దొదినకి ఆవిడే సాయం చేసింది.

పిన్నీసు తీసేసి, పిగిలిన కుట్టు మళ్లీ వేసి, కోసిన అంచులు పోగులు లేవకుండా ఆ సాయంత్రమే చుట్టుకుట్టు వేసేసింది. పౌడరు మరక పొడిగుడ్డతో ఓపిగ్గా తుడిస్తే పోయింది. ఆ వారమంతా ఇంట్లో మూతి ముడుపులే. ఆయన అన్నం తనే వడ్డించుకున్నాడు. వడ్డించుకోవడం వచ్చని అప్పుడే తెలిసింది.

విందు రోజు హాలు తలుపు దగ్గర ఆకుపచ్చ గౌను వేసుకుని నిలబడింది. తమ్ముడు లోపల్నుంచి వస్తూ ఆగిపోయాడు. గౌను చేతి అంచు రెండు వేళ్లతో పట్టుకుని చూశాడు.

"అక్కా, ఇది ఆ గుడ్డే కదూ?"

"అదేరా."

"ఎవరికో ఇచ్చేసి ఉంటావనుకున్నాను" అన్నాడు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడికీ తెలుసన్నమాట! అన్నేళ్లుగా తెలిసీ అక్కని అడగడానికి మొహమాటపడ్డాడు. పెద్దొదినకి ఏడుపూ కోపమూ ఒకేసారి ముంచుకొచ్చాయి. "నోరు మూసుకుని నిలబడు, జనం వస్తున్నారు" అని వాడి కాలరు సర్దింది.

ఆ సాయంత్రం వచ్చినవాళ్లందరికీ వాడు చెప్పిన మొదటి మాట, "మా అక్క." రెండోది, "తనే కుట్టుకుంది." వడ్డనల దగ్గర ఎవరున్నారో ఆమెకి తెలియదు, వెళ్లి చూడలేదు. కొత్త చెప్పులు కరిచి చిట్టి ఓ మూల కుర్చీలో కూర్చుండిపోయింది. ఫోటోలు తీసేటప్పుడు పెద్దొదిన అలవాటుగా చివరికి నడవబోయింది. తమ్ముడు జబ్బ పట్టుకుని మధ్యలోకి లాగాడు.

తిరిగొచ్చేటప్పుడు కారులో అత్తగారు ఆ గౌను వైపే మళ్లీ మళ్లీ చూశారు. చివరికి ఉండబట్టలేకపోయారు.

"బాగానే ఉందిలే. కానీ ఆ మార్జినంతా కోసి పారేశావు. రేపు నీకే ఒళ్లొస్తే ఏం చేస్తావమ్మాయ్?"

ముందు సీట్లో భర్త తల కాస్త ఇటు తిరిగింది, జవాబు వినడానికి.

"ఇంకోటి కుట్టుకుంటాను అత్తయ్యా" అంది పెద్దొదిన. "నాకెంతసేపు!"