రెండోసారి పిలవాలంటే

తాల్ ఊళ్లో సోసింగ్ నోటికి అలవాటైన మాట ‘సయాంగ్’. అన్నం మాడితే సయాంగ్, బస్సు కళ్లముందే వెళ్లిపోతే సయాంగ్. చావుకు మాత్రం ఎవరూ ఆ మాట అనరు. చేతిదాకా వచ్చి జారిపోయినదానికే అంటారు.

ఊరు మాత్రం సోసింగ్‌నే చూసి అనేది. "అంత చక్కని పిల్ల, పెళ్లి లేకుండా ఉండిపోయింది, సయాంగ్!"

పడుచుతనంలో ఓడల్లో పనిచేసే మెలానియో వచ్చి పెళ్లాడతావా అని అడిగాడు. అడగ్గానే ఒప్పుకుంటే ఆడపిల్ల పరువేం కాను? తల్లి నేర్పినట్టే కాదంది. వాడు మళ్లీ అడగాలి, బతిమాలాలి, పిల్ల వాళ్లింటికి నీళ్లు మోయాలి, కట్టెలు కొట్టాలి. ఆ మర్యాదలన్నీ తెలిసి కూడా ఆ మొద్దుమొహం నోరు మూసుకుని ఓడెక్కేశాడు.

ఎక్కడో పెళ్లాడి, ఆ భార్య కూడా పోయాక, ముసలితనంలో మొన్నీమధ్య ఊరికి తిరిగొచ్చాడు. రోజూ మధ్యాహ్నం సోసింగ్ కిటికీ ముందు నుంచే నడుస్తాడు. రేపు దూరాన దవావో నగరంలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాడని, ఇక రాడని సోసింగ్ మేనకోడలు లూమెన్ చెప్పింది. సోసింగ్ పొద్దున్నే కుండలో చేపల పులుసు పెట్టింది.

"భోంచేద్దువుగాని రా, మెలానియో!" అని మధ్యాహ్నం అతను కనబడగానే కిటికీలోంచి పిలిచింది.

దారిన పోయేవాళ్లను అలా పిలవడం అక్కడి ఆనవాయితీ. వద్దనడం కూడా ఆనవాయితీయే. నిజంగా పిలిచారో లేదో రెండో పిలుపులోనే తెలుస్తుంది.

"నువ్వు కానివ్వు, సోసింగ్," అంటూ అతను సాగిపోయాడు.

"అయిపోయిందా అత్తా? ఇంత పులుసూ నేనే తాగాలా?" అంది లూమెన్ లోపల్నుంచి.

సోసింగ్ పులుసులో గరిటె తిప్పింది. మళ్లీ పిలిస్తే, మళ్లీ వద్దంటే? వీధంతా వింటోంది. ఇన్నేళ్లూ అతన్ని పిరికివాడని తిట్టుకుంది. రెండోసారి అడగడానికి ఎంత గుండె కావాలో ఇప్పుడు తెలిసొచ్చింది. గరిటె చేతిలో ఉండగానే వీధిలోకి పరుగెత్తింది.

"ఓయ్ మెలానియో! మర్యాదకి పిలవలేదయ్యా. నీకోసమే వండాను!"

అతను ఆగాడు. వెనక్కి వచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు.

సగం భోజనం అయ్యాక నెమ్మదిగా అన్నాడు. "అప్పట్లో ఓడెక్కిన రోజు మళ్లీ అడుగుదామనే వచ్చాను. ఈ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాను."

సోసింగ్‌కు ఏడుపు ఆగలేదు. చేత్తోనే కళ్లు తుడుచుకుని, "రేపు వెళ్లకు," అంది.

అతను తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు.

"వెళ్లకు, మెలానియో."

అతను పళ్లెం ముందుకు జరిపాడు. "ఇంకాస్త అన్నం పెట్టు."