ఈ ఏటి బూట్లు

మొదటి వాన పడి నేల మెత్తబడిందంటే పాస్టరమ్మకి ఒక పని ఉంటుంది. పొద్దున్నే ప్రార్థన ముగించి, టీ తాగిన గ్లాసు కడిగి బోర్లించి, చర్చి వెనక సమాధుల దగ్గరికి వెళ్తుంది. కూతురి సమాధి పక్కన తడిమట్టిలో పాదాల గుర్తులు పడి ఉంటాయి. ఆమె వెనకాలే చెప్పులు కుట్టే తాత వస్తాడు. దారంతో ఆ గుర్తు కొలిచి, "కిందటేటికంటే పెరిగిందమ్మా," అని దారానికి ముడేసుకుని వెళ్ళిపోతాడు. వారం తిరక్కుండా కొత్త జత వస్తుంది. సాయంత్రం సమాధి మీద పెడితే, తెల్లారేసరికి వాటికి బురద అంటుకుని ఉంటుంది. బిగుతైపోయిన పాత జతని పాస్టరమ్మ బడిపిల్లలకి ఇచ్చేస్తుంది.

చిట్టి నాలుగేళ్ళప్పుడు జ్వరమొచ్చి పోయింది. పోయినా పిల్ల పిల్లే, ఎదక్క మానుతుందా? ఊళ్ళో ఎవరూ దాన్ని వింతగా చెప్పుకోలేదు. "నిన్న మీ అమ్మాయి బావి వైపు వచ్చినట్టుందమ్మా, జారుతోంది, జాగ్రత్తగా ఉండమనండి," అని పాలతను చెప్పిపోయేవాడు. పాస్టరుగారు మాత్రం ప్రసంగంలో ఈ ఊసెత్తేవారు కాదు. ఆయన ప్రసంగాలు అసలే పొడుగు.

సువార్త చెప్పడానికి ఓడెక్కి వచ్చిన దంపతులు వాళ్ళు. వచ్చిన కొత్తలో పాస్టరుగారు పాడుతుంటే ఖాళీ బల్లలే వినేవి. ఈ ఏడు ఒక ఆదివారం నిండిన చర్చిలో, పాట మధ్యలో ఆయనకి చరణం గుర్తు రాలేదు. నోరు తెరుచుకుని నిలబడిపోయారు. ఎవరూ ఆగలేదు, కనీసం ఆయన వంక చూడనైనా లేదు. పాట దాని మానాన అది సాగిపోయింది.

ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని, "ఇంటికి వెళ్ళిపోదాం," అన్నారు.

"మనసు కష్టపెట్టుకున్నారా?"

"లేదు. నేనాగినా పాట ఆగలేదు, ఇంతకంటే ఏం కావాలి? ఈ ఊరివాడే పాస్టరయ్యాడు, నాకంటే బాగా చెబుతున్నాడు. నా మోకాళ్ళు కూడా మొరాయిస్తున్నాయి."

"అయితే మీరు వెళ్ళండి. నేను రాను."

"చిట్టి కోసమేనా?"

"దాన్ని ఎవరికి అప్పగించి రమ్మంటారు?"

ఆయన ఆమెని వదిలి వెళ్ళలేరు, ఉండిపోదామంటే ఒంట్లో ఓపిక లేదు. ఓడ బయల్దేరే రోజు దగ్గరపడింది. ఆయన పెట్టె వసారాలోకి వచ్చింది. ఆమెది అటక మీదే ఉంది. "దించనా?" అని ఆయన రోజూ అడిగేవారు, "వద్దు," అని ఆమె రోజూ అనేది. ఇన్నేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ ఇంత తక్కువ మాట్లాడుకున్నది లేదు.

ఇంతలో ఇంకో చిక్కు వచ్చిపడింది. ఈ ఏటి బూట్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఏ పొద్దున చూసినా బురద చుక్క లేదు. వెళ్ళిపోదామన్న మాట విని పిల్ల అలిగిందని పాస్టరమ్మ గుండె చెరువైంది. అయినా ఏ మూలో ఆశ చావక, బూట్లు పట్టుకుని తాత కొట్టుకి వెళ్ళింది.

"కొలత గానీ తప్పావా తాతా?"

"నా కొలత తప్పదు," అన్నాడు తాత రోషంగా. "బూట్లే తప్పు. ఎర్రతోలు, పక్కన గుండీ. మీరు ఏటేటా అదే చెబుతారు, నేను అదే కుడతాను. ఇప్పుడా పాదం మీ పాదమంత ఉందమ్మా. అంత పిల్ల ఎర్ర గుండీ బూట్లేసుకుని నలుగురిలో ఎలా తిరుగుతుంది?"

తల్లుల కూటంలో 'పిల్లల్ని కొంగుకి కట్టేసుకోకండి' అని ఏళ్ళ తరబడి నీతులు చెప్పిన మనిషి, ముక్కాలిపీట మీద కూలబడింది.

"మరి ఎలాంటివైతే వేసుకుంటుంది?"

"మా మనవరాలు పట్నంలో ఉద్యోగానికి పోతూ నల్లవి కుట్టించుకుంది. అడుగున అట్ట మందంగా ఉంటుంది. ఎంత దూరమైనా నడవొచ్చు."

దూరమనేసరికి పాస్టరమ్మ ఎర్ర బూట్లని ఒళ్ళోకి లాక్కుంది. వద్దంటే సరిపోయేది. మళ్ళీ ఎర్రవే కుట్టమంటే తాత గొణుక్కుంటూనే కుట్టేవాడు. వాటి గుండీలు కాసేపు తడుముతూ కూర్చుంది.

"నల్లవే కుట్టు," అంది చివరికి.

అవి పెట్టిన మర్నాడు, తెల్లవారుజామున పడ్డ వాన వెలిశాక చూస్తే బూట్లు లేవు. సమాధి దగ్గర మొదలైన కొత్త అట్టల గుర్తులు బావి పక్కనుంచి వంటింటి గుమ్మం దాకా వచ్చాయి. అక్కడ రెండు పాదాలూ పక్కపక్కనే, లోతుగా దిగబడి ఉన్నాయి. చాలాసేపు నిలబడ్డట్టుంది. తర్వాత గేటు దాటి రోడ్డు పట్టాయి. పాస్టరమ్మ చెప్పుల్లేకుండానే వాటి వెంట నడిచింది. అంగలు పొడుగ్గా, తిన్నగా ఉన్నాయి. ఎక్కడా ఆగలేదు, వెనక్కి తిరగలేదు. మట్టి అయిపోయి తారు మొదలైన చోట గుర్తులు పోయాయి. ఆమె రోడ్డు వారగా కూర్చుని బావురుమంది. అటుగా వచ్చిన పాలతను క్యాను దించి, ఆమె లేచేదాకా పక్కనే నిలబడ్డాడు.

వసారాలో పాస్టరుగారు ఎదురుచూస్తున్నారు.

"ఎటు వెళ్ళింది?"

"చెప్పలేదు." ఆమె మెట్ల మీద కాళ్ళ బురద కడుక్కుంది. "నేను మాత్రం చెప్పి వచ్చానా? ఇటు వచ్చే ఓడెక్కిన రోజు మా అమ్మ నిద్రపోతోంది. లేపితే పోనివ్వదని గుమ్మంలో నిలబడి చూసి వచ్చేశాను."

పాస్టరుగారు లోపలికి వెళ్ళి అటక కింద కుర్చీ వేశారు. ఒక కాలు పైకెత్తి, మోకాలు పట్టుకుని ఆగిపోయారు.

"జరగండి," అని పాస్టరమ్మ ఆయన్ని పక్కకి తప్పించి, తనే కుర్చీ ఎక్కి పెట్టె దించుకుంది.