అగ్రిమెంటులో లేని పరదా

నేను ఒక పరదాని. చీరాలలో మరమగ్గం మీద డబుల్ కాట్ దుప్పటిగా పుట్టాను. విజయవాడ బీసెంట్ రోడ్డులో నన్ను కొన్న సుభాషిణిది ఒంటి మంచం. అప్పుడే అనుమానం రావాల్సింది నాకు. మూడో రోజుకల్లా నా అంచు మడిచి కుట్టించి, తాడు దూర్చి, హాలు మధ్యలో వేలాడదీసింది.

సుభాషిణి లెక్కల టీచరు. హాలూ వంటగదీ ఉన్న ఆ వాటాను షమీమ్ అనే నర్సుతో కలిసి అద్దెకు తీసుకుంది. ఇద్దరూ ఒకే అగ్రిమెంటు మీద సంతకాలు పెట్టారు. తర్వాత టీచరుగారు సుద్దముక్కతో నేల మీద గీత గీసి, సరిగ్గా దాని పైన నన్ను కట్టింది. కిటికీ ఆమె వైపు వచ్చింది. అనుకోకుండా వచ్చిందట. ఎండలు ముదిరాక షమీమ్ గాలి కోసం నన్ను కాస్త జరిపేది, సుభాషిణి మళ్ళీ లాగేది. నన్ను అటూ ఇటూ లాగడంలోనే ఇద్దరి చదువూ సంస్కారమూ బయటపడ్డాయి.

"కిటికీ మీదేనని ఎక్కడ రాసుందక్కా?" అని ఒకరోజు షమీమ్ అడిగేసింది.

ఆమె డ్యూటీకి వెళ్ళాక సుభాషిణి అగ్రిమెంటు తీసి వేలు పెట్టి చదివింది. రెండుసార్లు చదివింది. మడిచి పప్పుడబ్బా కింద పెట్టేసి, ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఆ ఆదివారం పొద్దున ఇంటి ఓనరు కోటిలింగంగారు వచ్చారు. ఆయన మేనకోడలికి ఈ ఊళ్ళో కాలేజీ సీటు వచ్చింది.

"షమీమమ్మా, నెలాఖరుకి నీ వైపు ఖాళీ చేసెయ్. టీచరుగారితో నాకేం పేచీ లేదు" అన్నారు.

"ఉన్నట్టుండి పొమ్మంటే ఎక్కడికి పోనంకుల్?"

షమీమ్ పేరు వినగానే 'ఇప్పుడే ఇచ్చేశామమ్మా' అన్న ఇళ్ళు అంతకుముందు పదకొండు. నాకు నిజంగా జాలేసింది.

"మీరే పంచుకున్నారుగా, ఇదిగో" అంటూ ఆయన నన్ను చూపించారు. నాకు అంత విలువుందని తెలిసి, జాలి మధ్యలోనే కాస్త ఉబ్బిపోయాను కూడా.

సుభాషిణి వంటగదిలోకి వెళ్ళి కాగితం తెచ్చింది.

"'ఇద్దరూ ఉమ్మడిగా, మొత్తం వాటాకు' అని ఉందండీ ఇందులో. అటువైపూ ఇటువైపూ లేవు. సగం ఇల్లు ఖాళీ చేయించడం కుదరదు. పంపిస్తే ఇద్దర్నీ పంపాలి. గడువింకా ఏడు నెలలుంది."

"మరి ఈ పరదా?"

"ఏ పరదా?" అంటూ ఆమె స్టూలెక్కి నన్ను ఊడబీకింది.

ఆయన గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. షమీమ్ కళ్ళు తుడుచుకుంది.

"అంటే కిటికీ కూడా ఇద్దరిదేనా? మీకు ముందే తెలుసా అక్కా?"

"తెలుసు" అంది సుభాషిణి. ఆ ముఖం చూడలేక నేనే సిగ్గుపడ్డాను.

షమీమ్ తన మంచాన్ని కిటికీ దగ్గరికి లాగింది. అది మధ్యలో ఇరుక్కుంటే రెండో కొస సుభాషిణి పట్టుకుంది.

నన్ను గుమ్మంలో కాళ్ళు తుడుచుకోవడానికి పరిచారు. గొడవలు ఆగిపోయాయనుకోకండి, ఇప్పుడు ఫ్యాను స్పీడు గురించి అవుతున్నాయి. 'నా వైపు' అన్న మాట మాత్రం ఇద్దరిలో ఎవరి నోటా రావడం లేదు.