చూడని షెడ్డు

“రేపు జడ్జి అడిగితే ‘షెడ్డు చూశాం’ అను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ వద్దు,” అన్నాడు భర్త మెర్విన్, పొద్దుటి నుంచి మూడోసారి.

“అంత తేలికైతే నువ్వే వెళ్లి చెప్పు.” అర్లీన్ పెనం మీద పందిమాంసం, మొక్కజొన్న పిండి కలిపి చేసిన స్క్రాపుల్ ముక్కను తిరగేసింది.

“నన్నెవరు ఎన్నుకున్నారు? ఓట్లు నీకే పడ్డాయి.”

“నూట పన్నెండు. పోటీగా ఎవరూ లేరు కూడా.”

“గ్లెన్ నా సొంత అన్న, అర్లీన్.”

ఆమె పొయ్యి ఆపి, జుట్టు వల జేబులో కుక్కుకుని పనికి బయలుదేరింది.

అర్లీన్‌కి యాభై ఎనిమిదేళ్లు. వెడల్పాటి భుజాలు, వేడినీళ్లకు ఎర్రబారిన చేతులు. పగలు బడి వంటగదిలో పని. టౌన్‌షిప్, అంటే అక్కడి పంచాయతీ, లెక్కలు చూడటానికి ఊరు ఎన్నుకున్న ముగ్గురు ఆడిటర్లలో ఇరవై రెండేళ్లుగా ఆమె ఒకతె. ఏటా జనవరిలో ముగ్గురూ టౌన్‌షిప్ ఆఫీసులో కూర్చుని కాగితాలు చూస్తారు. వెనక షెడ్డులో, మంచురోడ్ల మీద బండ్లు జారకుండా చల్లే ఉప్పు, కంకర కాగితాల్లో రాసినంత ఉన్నాయో లేదో కూడా చూడాలి. రోడ్ల పెత్తనం గ్లెన్‌ది.

చేరిన మూడో ఏడాది ఆమె కోటు వేసుకుని షెడ్డు వైపు కదిలింది. “మా మెర్విన్ పెళ్లానికి నేనంటే అనుమానం!” అని గ్లెన్ పకపకా నవ్వాడు. అందరూ నవ్వారు. సిగ్గుతో ఆమె ముఖం ఎర్రబడింది. కోటు విప్పి కూర్చుని, అతను తెచ్చిన యాపిల్ పై ముక్క తిని సంతకం పెట్టింది. పొరుగువాడి మాట నమ్మకుండా తలుపు తీసి చూడటం ఆ కొండల్లో చెంపదెబ్బతో సమానం. తర్వాత ఏ జనవరిలోనూ ఆమె షెడ్డు చూడటానికి లేవలేదు.

మొన్న నవంబరులో గడ్డకట్టిన వాలులో బడి బస్సు కాలవలోకి జారింది. కంకర కోసం వెళితే షెడ్డు ఖాళీ; కాగితాల్లో మాత్రం నిండుగా ఉంది. ఈ ఆడిటర్లను పక్కనపెట్టి బయటి ఆడిటర్‌ను కోర్టే నియమించాలని ఊరివాళ్లు అర్జీ పెట్టారు. రేపే విచారణ.

పదింటికి ఆ బస్సు డ్రైవరు డార్లా బడి వంటగదికి కాఫీకి వచ్చింది, కుడిచేతికి కట్టుతో. అర్లీన్ పాల ప్యాకెట్ చించి ఇచ్చింది.

“అర్జీ మీద సంతకం ఎడమచేత్తోనే గీకాను. కోడి కెలికినట్టుంది!” అని నవ్వింది డార్లా. తర్వాత గొంతు తగ్గించింది. “నీ మీద కాదమ్మా. మీరు చూశాకే ఎవడో ఎత్తుకుపోయి ఉంటాడు. నువ్వు చూడకుండా సంతకం పెట్టే మనిషివా?”

అర్లీన్ కడిగిన గిన్నెనే మళ్లీ కడిగింది. నీళ్లు కాలుతున్నా చేయి తీయలేదు.

ప్రతి మంగళవారంలాగే ఆ సాయంత్రం గ్లెన్ భోజనానికి వచ్చాడు. బీట్‌రూట్ నీళ్లలో ఊరేసిన గుడ్ల సీసా బల్ల మధ్య పెట్టాడు. “మా ఆవిడ ఫెర్న్ పంపింది. రంగు పట్టాలట, ఆదివారం దాకా మూత తీయొద్దంది.”

“పెదనాన్నా, బూట్లు!” అని కసిరింది కూతురు జోడీ. అతను నవ్వుతూ బూట్లు విప్పాడు.

అర్లీన్ అందరికీ వడ్డించింది. తను కూర్చోలేదు.

“రేపు కోర్టులో చెప్తాను,” అంది మెల్లగా. “ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా ఆ షెడ్డులో అడుగు పెట్టలేదని. బయటి మనిషినే వేయమంటాను. నేను తప్పుకుంటున్నా.”

మెర్విన్ ఫోర్కు గాల్లో ఆగింది. జోడీ తండ్రి వైపు చూసింది.

“అంటే నేను దొంగనా?” అన్నాడు గ్లెన్.

“నేను చూడలేదంటున్నా, గ్లెన్. నాకు తెలిసింది అంతే.”

గ్లెన్ బూట్లు తొడుక్కోవడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ ఆగమనలేదు. బయట అతని ట్రక్కు కదిలి, మలుపు దిగిపోయింది.

బల్ల మధ్య ఆ సీసా అలాగే ఉంది. గుడ్లకు పైపైన ఎరుపు పట్టింది. లోపలిదాకా పట్టిందో లేదో మూత తీస్తే గానీ తెలియదు.