జత దొరికిన దుర్భిణి

అల్ ఖౌద్‌లో యూనివర్సిటీకి వెళ్లే దారిలో వీరభద్రరావుకి కళ్లద్దాల కొట్టుంది. కాకినాడ నుంచి ఈ అరబ్బు దేశానికి వచ్చి ఇరవై రెండేళ్లయింది. కళ్లు పరీక్షించి అద్దాలివ్వడం అతని వృత్తి. పాత కెమెరాలు, దుర్భిణులు విప్పి శుభ్రం చేయడం సరదా. ఆ సరదా వల్లే ఖురియాత్ అనే ఊరి నుంచి హమూద్ అతని దగ్గరికి రావడం మొదలుపెట్టాడు.

హమూద్‌కి డెబ్బై దాటాయి. బలూచీ కుటుంబం కాబట్టి హిందీ బాగా వచ్చు. ఇద్దరూ ఆ భాషలోనే మాట్లాడుకునేవారు. హమూద్ ఇంట్లో పదకొండు పాత స్నైపర్ రైఫిళ్లున్నాయి. అన్నిటినీ పేలకుండా చేయించి, అనుమతి కాగితాలతో సహా గాజు బీరువాల్లో పెట్టుకున్నాడు. పదింటికి మొదట బిగించిన గురి చూసే దుర్భిణులే ఇంకా ఉన్నాయి. పదకొండోదానికి మాత్రం లేదు.

అది అతని అన్న ఖమీస్ వాడిన రైఫిల్. యాభై ఏళ్ల కిందట దక్షిణాది కొండల్లో జరిగిన యుద్ధంలో ఖమీస్ చనిపోయాడు. అన్న డైరీలో రాసుకున్న నంబరు పట్టుకుని హమూద్ ఆ రైఫిల్‌ని సంపాదించాడు. దానికి దుర్భిణి మాత్రం వేరైపోయింది. ఈ రకం రైఫిల్‌కి ఏ దుర్భిణితో గురి కుదిర్చారో ఆ దుర్భిణి నంబరు రైఫిల్ చెక్క మీద కొట్టి ఉంటుంది. మరొకటి బిగిస్తే అది జత కాదు. ఆ ఒక్క నంబరు కోసం హమూద్ పంతొమ్మిదేళ్లు వెతికాడు.

కిందటి నవంబరులో అది దొరికింది. ఇంగ్లండులో చనిపోయిన ఒక ఆఫీసరు సామాన్లలోంచి వచ్చింది. హమూద్ దాన్ని తువ్వాలులో చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు తీసుకొచ్చాడు. లోపలికొస్తూ భుజం తలుపుకి కొట్టుకుంటే నవ్వేశాడు.

"రావ్, లోపల బూజు పట్టింది. బాగు చెయ్యి. అన్న చివరిసారి దేంట్లోంచి చూశాడో, నేనూ దాంట్లోంచి ఒక్కసారి చూడాలి."

వీరభద్రరావు రెండు రోజులు కూర్చుని, అద్దాలన్నీ విప్పి తుడిచి మళ్లీ బిగించాడు. ఎదురుగా ఉన్న మసీదు మినారు మీద వాలిన పావురం ఈకలు కూడా కనిపించాయి. హమూద్ వచ్చి గుమ్మంలో నిలబడి కుడికన్ను ఆనించి చాలాసేపు చూశాడు.

"ఇంకా మంచు పట్టినట్టే ఉంది, రావ్."

వీరభద్రరావు దుర్భిణి తీసుకుని మళ్లీ చూశాడు. మంచు లేదు. హమూద్ కళ్లవైపు చూశాడు. తలుపుకి తగిలిన భుజం గుర్తొచ్చింది.

"రాత్రిపూట లైట్ల చుట్టూ రంగులు కనిపిస్తున్నాయా, బాబా?"

"కనిపిస్తాయి. ఈ వయసులో అందరికీ కనిపించేవే కదా."

నీటికాసులు, అంటే గ్లాకోమా: కంట్లో ఒత్తిడి పెరిగి, పక్కచూపుతో మొదలై మొత్తం చూపే పోయే జబ్బు. వీరభద్రరావుకి అర్థమైపోయింది. చెప్పడానికి నోరు తెరిచాడు. కానీ హమూద్ దుర్భిణిని గుండెకి ఆనించుకుని, "ఇంత దూరం వచ్చాం. ఇంకో పది రోజులాగుతాను, ఏముంది" అన్నాడు. ఆ మొహం చూసి వీరభద్రరావు మాట మార్చాడు.

"లోపల అద్దాలు అతికించిన జిగురు పసుపెక్కింది. ఇండియా నుంచి తెప్పించాలి" అన్నాడు.

పది రోజులు నెలయ్యాయి. హమూద్ వచ్చినప్పుడల్లా వీరభద్రరావు ఇవాళ చెబుదామనుకునేవాడు. ఏదో ఒక సాకు చెప్పి పంపేసేవాడు. ఇంట్లో భార్య మంగళకి చెబితే ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"ఇదేం పనండీ! ఆయన కళ్లు పోతున్నాయని మీకు తెలిసి కూడానా? రేపే చెప్పేయండి."

"చెప్తాను మంగళా."

చెప్పలేదు.

మూడు నెలలకి హమూద్ విసుగెత్తి, దుర్భిణి అడిగి తీసుకుని అల్ మవాలేలో కెమెరాలు బాగుచేసే ఖమరుద్దీన్‌కి చూపించాడు. ఆ హైదరాబాదీ దాన్ని వెలుతురులో తిప్పి చూసి, "చాచా, ఇదంతా సాఫ్ ఉంది. మీరు ముందు కళ్ల డాక్టర్ దగ్గరికి పోండి" అన్నాడు.

కూతురు షంసా ఆ రోజే తండ్రిని ఆసుపత్రికి తీసుకెళ్లింది. కుడికన్ను చూపు తిరిగి రాదన్నారు. మూడు నెలల ముందు వచ్చుంటే ఎడమకన్నులో చూపు చాలావరకు నిలిచేదన్నారు. ఇప్పుడు మనుషుల ఆకారాలు మాత్రమే మిగిలాయి.

సంగతి తెలిసి వీరభద్రరావు శుక్రవారం ఖురియాత్ వెళ్లాడు. హమూద్ మజ్లిస్‌లో, అతిథులు కూర్చునే గదిలో, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఖమీస్ రైఫిల్ ఒళ్లో ఉంది. దుర్భిణి బిగించి ఉంది.

"ఎవరది?"

"నేను బాబా, రావుని." కింద కూర్చున్నాడు. "నాకు మొదటి రోజే తెలుసు. చెప్పలేకపోయాను. తప్పు చేశాను."

హమూద్ రైఫిల్ చెక్క మీద నంబరు కొట్టిన చోట వేళ్లతో తడిమాడు.

"నేను బాధపడతానని చెప్పలేదా?"

"అవును."

"నేను బాధపడేవాణ్ణి. ఏడ్చేవాణ్ణి. ఆ తర్వాత ఎడమకన్ను పెట్టి చూసేవాణ్ణి. అన్న చూసినట్టు చూసేవాణ్ణి." దుర్భిణి మీద చెయ్యి వేశాడు. "పంతొమ్మిదేళ్లు, రావ్."

వీరభద్రరావు అతని చెయ్యి పట్టుకోబోయాడు. హమూద్ చెయ్యి లాగేసుకున్నాడు. షంసా కహ్వా, అరబ్బు కాఫీ, తెచ్చింది. అతిథి కాబట్టి కప్పు అతని ముందు పెట్టి, వెంటనే లోపలికి వెళ్లిపోయింది. అతను తాగి, లేచి వచ్చేశాడు.

రంజాన్ వెళ్లాక ఓ మధ్యాహ్నం షంసా కొట్టుకొచ్చింది. చదవడానికి అద్దాలు కావాలంది. యూనివర్సిటీకి పని మీద వచ్చానని, దగ్గర్లో ఇంకో కొట్టు లేదని తనే చెప్పింది.

"నాన్నగారెలా ఉన్నారమ్మా?"

"గోడ పట్టుకుని నడుస్తున్నారు. రైఫిళ్లన్నీ మా చిన్నాన్న కొడుక్కి ఇచ్చేశారు. అమ్మొద్దని, విడదీయొద్దని చెప్పారు."

"నన్నేమైనా..."

"లేదు. మీ పేరెత్తరు."

అతను తలూపి పరీక్ష మొదలుపెట్టాడు. అద్దాల నంబరు చూశాక, ఆమె అడక్కపోయినా, కంటిలో ఒత్తిడి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. రెండు కళ్లలోనూ ఎక్కువే ఉంది. ఈసారి కుర్చీ దగ్గరికి జరుపుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మా, నాన్నగారికి వచ్చిందే నీకూ మొదలైనట్టుంది. ఇవాళే డాక్టర్‌కి చూపించుకో. ఇంకా సమయం ఉంది."

షంసా రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. అతను ఆసుపత్రికి ఫోన్ చేసి, వాళ్లు ఎత్తేదాకా రిసీవర్ చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డాడు.