సుశీలమ్మ పెంచిన పిండినల్లి

ఉషారాణి తన ఆర్కిడ్ కుండీలన్నీ భద్రాచలం తీసుకుపోయి, ఒక్కదాన్ని మాత్రం కల్లూరులో సుశీలమ్మ వరండాలో వదిలింది. దానికి పిండినల్లి పట్టింది. ఆకుల మొదళ్లలో పిండి రాల్చినట్టు తెల్లటి పురుగులు, కదలకుండా కూర్చుని రసం పీలుస్తున్నాయి.

"పురుగున్న నారు చేలోకి తేవద్దంటరు గదా పెద్దమ్మా. ఇది మిగతావాటికి అంటిస్తది. శుభ్రమైనంక పట్టుకపోత," అంది.

ఉష సుశీలమ్మ వాళ్ల మేడ మీద గదిలో చాలాకాలం కిరాయికుంది. జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతుంది. బదిలీ అయ్యాక, పదిహేను రోజులకో ఆదివారం బస్సెక్కి వచ్చి, దూదిని స్పిరిట్‌లో ముంచి ఒక్కో ఆకూ తుడిచేది. తుడుస్తున్నంతసేపూ సుశీలమ్మ తాను పత్రికల్లో చదివిన కథలు చెప్పేది. ఆ కథల్లోని మొగుళ్లను ఇద్దరూ కలిసి తిట్టేవాళ్లు. తర్వాత భోజనం.

ఎవరైనా వెళ్లొస్తామంటే సుశీలమ్మ ఓర్చుకోలేదు. చుట్టాలు బయలుదేరే వేళకు వాళ్ల చెప్పుల్లో ఒకటి బియ్యం డబ్బా వెనక్కి చేరేది. ఆ పూటకు బస్సు తప్పిపోయేది. అయినా మళ్లీ వస్తామన్నవాళ్లు చాలామంది రాలేదు. కొందరు ఫొటోలై గోడెక్కారు.

అందుకే, "దాదాపు పోయినయ్ పెద్దమ్మా, వచ్చేసారి తీసుకపోత," అని ఉష అన్నరోజు ఆమె కంచం పక్కకు నెట్టేసింది. కుండీ పోతే ఉషకు ఈ ఊళ్లో పనేముంది?

పెరట్లో సీతాఫలం చెట్టుకు పిండినల్లి కావలసినంత ఉంది. సుశీలమ్మ చెంచాతో కాస్త గీకి తెచ్చి, ఆర్కిడ్ ఆకుల సందుల్లో కాపురం పెట్టించింది. అప్పటినుంచి ఉష తుడవడం, ఆమె పెట్టడం.

అసలు గండం భర్త వెంకటరామారావుతో వచ్చింది. మిరప చేలల్లో పురుగుతో యుద్ధాలు చేసిన మనిషి. ఓ పొద్దున స్ప్రేయర్ వీపుకు తగిలించుకుని వరండాలోకి దిగాడు.

"జరుగు. ఒక్కసారి కొడ్తే వంశం మిగలదు."

"బొగ్గుముక్కల్లో బతికే సుకుమారం అది. మీ మిరప మందుకు మాడి చస్తది."

"మట్టి లేకుండ బతికేది చెట్టేంది? బదనిక!"

"మీరు మట్టిలనే పుట్టి పెరిగిర్రు గదా, ఏం పూసిర్రు? పోండి."

ఆయన పోయాడుగానీ ఉష ఫోన్ ఇంకో పిడుగు వేసింది. "పరీక్షలున్నయ్, నెల దాకా రాలేను. అప్పటికీ పోకుంటే ఆ మొక్కను కాల్చేస్త పెద్దమ్మా. విసుగొచ్చింది."

పురుగు లేకుంటే మొక్క వెళ్లిపోతుంది, ఎక్కువైతే కాలిపోతుంది. సుశీలమ్మ తెల్లవార్లూ ఆలోచించి, కొన్నే పెట్టాలి, అవి గట్టివి కావాలి అనుకుంది. ఆ ఇంట్లో ఏటా విత్తనానికి మేలైన మిరపకాయలు ఏరేది ఆమే. అదే చేత్తో సీతాఫలం మీద అన్నిటికన్నా పెద్దవాటిని ఏరింది. ఒంటినిండా తెల్లటి పోగులు, చకచకా నడక. ఇవైతే ఏ చలికీ వానకూ చావవు.

వారం తిరిగేసరికి ఆకులు తుడిచినట్టు శుభ్రంగా ఉన్నాయి. పోగులవి మాత్రం ఒళ్లు చేసి తిరుగుతున్నాయి. "తిని తిరుగుడేనా? పిల్లల్ని పెట్టరేందే?" అని గదమాయించి, అలాంటివే ఇంకొన్ని తెచ్చి వేసింది.

ఉష వచ్చి భూతద్దం పెట్టి చూసి, "ఒక్క పిండినల్లి లేదు!" అంది.

"అదేంది? ఇగో, ఇంతింత లావున్నయ్ గదా!"

"ఇవి అక్షింతల పురుగు, అదే లేడీబర్డ్, ఆ జాతి పిల్లలు పెద్దమ్మా. పిండినల్లి వేషమేసుకుని మందల దూరి, వాటినే తింటయ్. ఈ వరండాలోకెట్ల వచ్చినయ్?"

సుశీలమ్మ కొంగు సర్దుకుంది. వెంకటరామారావు పేపరు దించకుండానే, "చెంచాల వచ్చినయ్, సీతాఫలం కాడి నుంచి," అన్నాడు.

ఉష ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అంటే ఇన్నాళ్లు నేను తుడిచింది..."

"మొదటి విడతవి నీవే బిడ్డా. తర్వాతవి మావి," అంది సుశీలమ్మ.

ఉష నవ్వలేదు. బస్సులో నిలబడి వచ్చిన ఆదివారాలు గుర్తొచ్చాయేమో. కుండీని సంచిలో పెట్టుకుంది. "ఇది లేకుంటే నేను రాననుకున్నరా?"

"అనుకున్న. వస్తమన్నోళ్లను చానామందిని చూసిన."

ఉష మెట్లదాకా వెళ్లి ఆగింది. వెనక్కి తిరగడానికి మొహమాటపడింది. "అక్కడి కుండీలకు కూడా పట్టింది. ఈడికి వచ్చిపోయే నా బట్టలకే అంటుకుపోయినట్టుంది. ఆ తినే పురుగులు కొన్ని ఇయ్యండి."

సుశీలమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఖాళీ పచ్చడి సీసా పట్టుకుని పెరట్లోకి నడిచింది. చాలాసేపటికి, మూతికి పలుచటి గుడ్డ కట్టి తెచ్చిచ్చింది.

ఉష సీసాను వెలుగుకు పెట్టింది. "ఏంది, రెండేనా? చెట్టు నిండ ఉన్నయ్ గదా!"

"అవింకా పసివి బిడ్డా. పదిహేను రోజులాగి ఇంకో రెండు పట్టుకపో."

"గిట్లయితే నాకు ఏడాది పడ్తది."

"పడనీ. నీకంత జల్దీ ఏముంది?"

ఉషకు అప్పుడు నవ్వొచ్చింది, ఆపుకోలేనంత. "సరే, ఈసారి పెద్ద సీసా నేనే తెస్త."

"ఎంత పెద్దది తెచ్చినా రెండే," అంది సుశీలమ్మ.